పొగకు దారి

జయలక్ష్మి ఫోన్ చేసి తనను సాయం అడిగే రోజు వస్తుందని లచ్చన్న ఎన్నడూ అనుకోలేదు. అంతవరకూ ఆమెను అడిగింది అతనే.

రెండేళ్ల కిందట ఒమాన్‌లోని బహ్లాలో ఒక బడి ప్రహరీ కడుతూ అతను పరంజా మీంచి జారిపడ్డాడు. ఆసుపత్రిలో కళ్లు తెరిచేసరికి నడుం కింది ఒళ్లు తనది కాదనిపించింది. చుట్టూ అరబ్బీ, మలయాళం, ఇంగ్లీషు. తన గురించే ఏదో మాట్లాడుకుంటున్నారని తెలుస్తోంది గానీ ఏమిటో తెలియడం లేదు. అప్పుడొక నర్సు మంచం మీదికి వంగి, "లచ్చన్న గారూ, కాలి బొటనవేలు కదపండి, చూద్దాం" అంది తెలుగులో. ఆ మాట వినగానే అతనికి ఏడుపొచ్చింది. వేలు కదిలింది. అది చూసి మళ్లీ ఏడుపొచ్చింది.

ఆమె జయలక్ష్మి. అమలాపురం వైపు మనిషి. జగిత్యాల దగ్గరి ఊళ్లో ఉన్న అతని భార్య ముత్తవ్వకు ఫోన్ కలిపి, తుంటి ఎముక విరిగిందనీ, ప్రాణానికి భయం లేదనీ, మాట్లాడమనీ చెప్పి ఫోన్‌ను అతని చెవి దగ్గర పట్టుకుని నిలబడింది. తర్వాత కూడా డ్యూటీ దిగే ముందు ప్రతిసారీ అలాగే చేసేది. కాస్త నొప్పి తగ్గగానే పనిలోకి పోతానని లచ్చన్న మొండికేశాడు. రూమ్ నుంచి చూడడానికి వచ్చినవాళ్లు కూడా ఏం కాదులే, పోవచ్చన్నారు. ఆమె ఒక్కతే ఒప్పుకోలేదు. తొందరపడితే బతికినంతకాలం కుంటుకుంటూ తిరగాలని ముఖం మీదే చెప్పింది. అప్పుడు కోపమొచ్చింది. ఇవాళ నిచ్చెన ఎక్కుతున్నాడంటే ఆ మాట వల్లేనని అతనికి తెలుసు.

తర్వాత ఆమెకు జబల్ అఖ్దర్ కొండ మీది ఆరోగ్య కేంద్రానికి బదిలీ అయింది. భర్త ప్రభాకర్‌కు మస్కట్‌లో, ఘాలాలోని ఒక గిడ్డంగిలో ఉద్యోగం. అతను గురువారం సాయంత్రం కొండెక్కి వచ్చి శనివారం తిరిగి వెళ్లేవాడు. మిగతా రోజుల్లో కొండ మీద ఉండేది జయలక్ష్మీ, నాలుగేళ్ల కూతురు అక్షరా.

ఫోన్‌లో ఆమె చెప్పింది ఇదీ. వాళ్లు అద్దెకుంటున్న ఇల్లు సఫియా అనే ఒమానీ ఆవిడది. చలికాలం విడిదికి వచ్చేవాళ్ల కోసం ఆవిడ తమ్ముడు కట్టించాడు. కట్టించిన కొన్నాళ్లకే అతను పోయాడు. హాల్లో గోడలోకి రాతి ఫైర్‌ప్లేస్ ఉంది, పైన చిమ్నీ ఉంది. డిసెంబరు వచ్చేసరికి కొండ మీద తెల్లవారుజామున కుళాయి నీళ్లు వేళ్లు కొరికేస్తున్నాయి. కరెంటు హీటర్లు రెండూ ఒకేసారి వేస్తే ఫ్యూజు పోతోంది. ఫైర్‌ప్లేస్‌లో కట్టెలు వేస్తే సగం పొగ గదిలోకే తిరిగొస్తోంది, పిల్లకు పిల్లికూతలు మొదలయ్యాయి. పొగ తగలకుండా చూసుకోమని డాక్టరు గట్టిగా చెప్పాడు. వేడి కావాలి, పొగ కూడదు.

సఫియా సామాన్ల గదిలోంచి తమ్ముడు కొని విప్పకుండా వదిలేసిన ఇనప పొయ్యి ఒకటి బయటకు తీయించింది. ముందు గాజు తలుపు, వెనక పొగ గొట్టం తగిలించే మూతి. తలుపు మూస్తే పొగ గొట్టంలోంచి తప్ప ఇంకెటూ పోదు. దాన్ని ఆ పాత చిమ్నీకి కలపాలి. ఒక మేస్త్రీ వచ్చి చూసి, చిన్న గొట్టం ముక్క చిమ్నీ నోట్లోకి దోపి చుట్టూ సిమెంటు పూస్తే సరిపోతుంది, పూట పని అన్నాడట. పొయ్యితో వచ్చిన కాగితాలు చదివి ప్రభాకర్‌ వద్దన్నాడట. గొట్టం పైదాకా పోవాలని వాటిలో రాసి ఉంది.

"నమ్మకమున్న మనిషి వచ్చి చూస్తే బాగుంటుందనిపించిందండి, లచ్చన్న గారూ" అంది జయలక్ష్మి.

తాను గోడలు కట్టినవాణ్ణే గానీ ఇలాంటి పొయ్యిని కంటితో చూసినవాణ్ణి కూడా కాదని లచ్చన్న ఉన్నమాట చెప్పాడు. అయినా శుక్రవారం వస్తానన్నాడు. ఫోన్ పెట్టేశాక తానుండే కార్మికుల క్యాంపు వెనక షాపులో ఏసీ గొట్టాలు చేసే సమీయుల్లా దగ్గరికి వెళ్లాడు. సమీయుల్లాది క్వెట్టా పైన జియారత్. అక్కడ మంచు పడుతుంది, ఇంటింటా బుఖారీ, అంటే పొగ గొట్టమున్న ఇనప పొయ్యి, ఉంటుంది. సంగతంతా విని అతను హిందీలో, పొయ్యి సంగతి తర్వాత, ముందు ఆ చిమ్నీలో వేసిన పొగ ఎక్కడెక్కడ తేలుతుందో చూడమన్నాడు. పైన తడి గోనె కప్పి, కింద పచ్చగడ్డి కాల్చి, గదులన్నీ తిరిగి చూడాలట. ఆ శుక్రవారం తనకు పనుంది గానీ తర్వాతి శుక్రవారం తప్పకుండా వస్తానన్నాడు.

శుక్రవారం పొద్దున్నే లచ్చన్న బహ్లా నుంచి షేర్ టాక్సీలో బిర్కత్ అల్ మౌజ్ దాకా వచ్చాడు. అక్కణ్ణుంచి కొండ మీదికి ఫోర్ వీల్ బండ్లనే పోనిస్తారు. ప్రభాకర్ దిగివచ్చి ఎక్కించుకున్నాడు. దారంతా ఎత్తు. ఒకవైపు కొండ, ఇంకోవైపు కింద ఎక్కడో లోయ. చెవులు మూసుకుపోయాయి. పైకి వచ్చి బండి దిగేసరికి ఎండ కాస్తూనే ఉంది, అయినా గాలి స్వెట్టర్‌లోంచి లోపలికి దూరుతోంది. ఆకు రాల్చిన దానిమ్మ చెట్లు మెట్టు మెట్టుగా కిందికి దిగిపోతున్నాయి.

జయలక్ష్మి వాకిట్లోనే ఎదురైంది. ముందు అతని నడక చూసింది, తర్వాత ముఖం. "బాగా నడుస్తున్నారు" అంది. లచ్చన్న తల ఊపాడు. ఆమె కళ్ల కింద నల్లగా ఉంది. అక్షర దుప్పటి చుట్టుకుని సోఫాలో కూర్చుని ఉంది. ఊపిరి తీసినప్పుడల్లా సన్నటి ఈల.

టీ తాగాక లచ్చన్న, ప్రభాకర్ పని మొదలుపెట్టారు. మిద్దె మీదికెక్కి చిమ్నీ మూతికి తడి గోనె కప్పి అంచుల మీద రాళ్లు పెట్టారు. దిగివచ్చి ఫైర్‌ప్లేస్‌లో చారెడు పచ్చగడ్డి అంటించి, పొగ హాల్లోకి రాకుండా దాని నోటికి రేకు అడ్డం పెట్టారు. పిల్లను సఫియా పక్కనే ఉన్న తన ఇంటికి తీసుకెళ్లింది. ప్రభాకర్ మిద్దె మీద, లచ్చన్న హాల్లో, జయలక్ష్మి లోపలి గదుల్లో నిలబడ్డారు. హాల్లో ఎక్కడా ఏమీ కనబడలేదు. చిమ్నీ బాగానే ఉన్నట్టుందని లచ్చన్న అనుకుంటుండగా పడగ్గదిలోంచి జయలక్ష్మి పిలిచింది. గట్టిగా కాదు. ఆ గొంతు విని అతను పరిగెత్తాడు.

పడగ్గది గోడ, హాల్లో ఫైర్‌ప్లేస్ ఉన్న గోడ ఒకటే. కప్పు కింద అందం కోసం వేసిన చెక్క దూలం ఆ గోడలోకి దిగిన చోట నుంచి పొగ సన్నగా పాకి వస్తోంది. దాని కిందనే పిల్ల మంచం.

"ఈ గోడ వెచ్చగా ఉంటుందని నేనే జరిపాను మంచాన్ని" అంది జయలక్ష్మి. "నేనే జరిపాను, ప్రభాకర్."

ప్రభాకర్ అప్పుడే మిద్దె దిగి గుమ్మంలోకి వచ్చాడు. ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. లచ్చన్న కిటికీలు తెరిచి, గడ్డి మీద నీళ్లు చల్లి వచ్చాడు. స్టూలెక్కి దూలం చుట్టూ గిలాబు పెచ్చులు గీకాడు. దూలం కొస చిమ్నీ గోడలోకి పూర్తిగా దిగి ఉంది. ఇటుకల మధ్య సందులు నింపనేలేదు. వేలు పెట్టి తీస్తే నల్లటి మసి, కాలిన చెక్క వాసన. ఇన్నాళ్లూ లోపల దూలం కొద్దికొద్దిగా మాడుతూనే ఉంది.

జయలక్ష్మి చాలాసేపు మంచం అంచున కూర్చుంది. తర్వాత తలెత్తి, ఇనప పొయ్యి మూసే ఉంటుంది కదా, ఆ సందులకు ఇవాళ్టికి సిమెంటు పూసి పొయ్యి పెట్టేయలేమా అని అడిగింది. మళ్లీ వారం దాకా ఈ చలిలో పిల్లను ఎలా ఉంచేదని అంది. ఆమె గొంతు బతిమాలుతున్నట్టు వినిపించింది. అది లచ్చన్నకు భరించడం కష్టమైంది. ఈమె అడిగితే కాదనకూడదనే కొండెక్కాడు. స్టూలు దగ్గరికి లాక్కుని ఆమె ఎదురుగా కూర్చున్నాడు.

"పెడితే పెట్టొచ్చు సిస్టరమ్మా. పొద్దుమూకేవరకు ఇల్లు వెచ్చగైతది, మీరు సంతోషపడ్తరు, నేను గూడ పడ్త. గని ఆ చెక్క గోడల ఉన్నది. ఇనప పొయ్యి వేడి దీనికంటె ఎక్కువ. ఎన్నడో ఒకనాడు లోపల్నే రాజుకుంటది, మనకు కనవడది. మీరు నిద్రల ఉంటరు. నేను పెట్టను."

ఆమె దూలం వైపు చూసింది.

"నన్ను నడువద్దని మీరు ఆపితిరి. అప్పుడు నాకు బగ్గ కోపమొచ్చింది" అన్నాడు మళ్లీ. "మీకు గూడ రానియ్యండి."

జయలక్ష్మి అతని వైపు చూసి, కొంగుతో ముఖం తుడుచుకుని, కోపం రాలేదంది. మీరు రాకపోతే మంచం అక్కడే ఉండేదంది.

సంగతి తెలిసి సఫియా కదిలిపోయింది. తమ్ముడు మోజుపడి కట్టించిన ఇల్లది. ఫైర్‌ప్లేస్ ముందు నిలబడి రాతిని చేత్తో తడిమింది, తర్వాత జయలక్ష్మితో, ఇల్లు బాగయ్యేదాకా నువ్వూ పిల్లా నా గదిలోనే పడుకోవాలని తీర్పు చెప్పినట్టు చెప్పి, తనే పరుపు మోసుకుపోయింది. అద్దెకున్నవాళ్ల పరుపు ఇంటావిడ మొయ్యడం ప్రభాకర్‌కు ఇబ్బందిగా తోచి అందుకోబోతే, అతనికి తలగడలిచ్చింది.

ఆ వారమంతా లచ్చన్న, సమీయుల్లా, ప్రభాకర్ ముగ్గురూ ఫోన్లలోనే పని చేశారు. పొయ్యి మూతి ఎంత వెడల్పో గొట్టం అంతే ఉండాలనీ, సన్నం చేస్తే పొగ వెనక్కి తంతుందనీ సమీయుల్లా చెప్పాడు. చిమ్నీ లోపల చాలా వెడల్పు. అంత ఖాళీలో పొగ చల్లబడి పైకి పోలేక గోడలకు తారులా అంటుకుంటుంది, ఆ తారుకే ఒకరోజు నిప్పంటుకుంటుంది. అందుకే పొయ్యి నుంచి చిమ్నీ పైదాకా స్టీలు గొట్టం ఒకటే దారిగా పోవాలి. ప్రభాకర్ డ్యూటీ అయ్యాక ఘాలాలో షాపులన్నీ తిరిగి, వేడికి ఆగే స్టీలు గొట్టాలు, చుట్టూ కప్పడానికి నిప్పుకు కాలని రాతి ఊలు, గోడకు తగిలించే కార్బన్ మోనాక్సైడ్ అలారం సంపాదించాడు. ఏది దొరికినా ఫోటో తీసి పంపేవాడు. సమీయుల్లా రెండుసార్లు వద్దన్నాడు, మూడోది సరేనన్నాడు.

తర్వాతి శుక్రవారం కారు మీద గొట్టాలు కట్టుకుని ముగ్గురూ కొండెక్కారు. ముందు లచ్చన్న పని. దూలం బరువు మోసేది కాదని కిందా పైనా కొట్టి చూసి నిర్ధారించుకుని, దాని కొసను గోడకు జానెడు ఎడంగా కోసేశాడు. కాలిన ముక్కను బయట రాళ్ల మీద పెట్టి నీళ్లు పోశాడు. ఆ కన్నాన్ని ఇటుకతో మూసి, రెండువైపులా సందులన్నీ గీకి నింపాడు. చిమ్నీలో బ్రష్షు దింపి మసి దులిపాడు. ఫైర్‌ప్లేస్ గొంతులో ఉన్న ఇనప మూత ఊడదీశాడు, అది ఉంటే గొట్టం పట్టదు.

అప్పుడు సమీయుల్లా మిద్దె మీదినుంచి, ఊలు చుట్టిన గొట్టాన్ని తాడుతో కొంచెం కొంచెంగా దింపాడు. కింద లచ్చన్న అందుకున్నాడు. ఒక్కో ముక్క సన్నటి అంచు కిందికి, పొయ్యి వైపు ఉండాలని సమీయుల్లా పైనుంచి కేకేశాడు. అలా ఉంటే తారు కారినా గొట్టంలోనే దిగి పొయ్యిలో కాలిపోతుంది, బయటికి కారదు. అతుకు అతుకుకూ మరలు బిగించారు. ఫైర్‌ప్లేస్ గొంతు దగ్గర గొట్టం చుట్టూ రేకు కోసి మూశారు, దాని మీద ఊలు పరిచారు, ఇక గదిలోని వెచ్చదనం ఖాళీ చిమ్నీలోకి పోదు. పైన వాన పడకుండా టోపీ. పొయ్యి ముందు రాతి పలకలు ఇంకొంచెం ముందుకు పరచాలని ప్రభాకర్ కాగితాలు చూసి చెప్పాడు. లచ్చన్న పరిచాడు. కిటికీ పరదా దూరంగా మార్చారు.

సఫియా కహ్వా కాఫీ, ఖర్జూరాలు తెచ్చింది. మట్టి చేతులతో మెట్ల మీద కూర్చున్న లచ్చన్నను చూపించి, ఈ మనిషి నీకేమవుతాడని జయలక్ష్మిని అరబ్బీలో అడిగింది. అంత అరబ్బీ అతనికి వచ్చు.

"అఖూయి" అంది జయలక్ష్మి. నా అన్న.

లచ్చన్న కప్పు కింద పెట్టి, సిమెంటు గట్టిపడుతుందని చెప్పి లోపలికి వెళ్లాడు. సిమెంటు కలిపి ఇంకా ఎంతోసేపు కాలేదు.

కొత్త సిమెంటు ఆరాలి కాబట్టి ఆ రోజు పెద్ద మంట వద్దనుకున్నారు. మళ్లీ పొగ పెట్టి చూశారు, ఏ గదిలోనూ పొగ లేదు. జయలక్ష్మి పడగ్గదిలో గోడకు ముక్కు ఆనించి మరీ చూసి వచ్చింది. తర్వాత సమీయుల్లా గాలి కన్నం తెరిచి, ఎండిన దానిమ్మ పుల్లలు నాలుగు వేసి అంటించాడు. మంట ఒక్క క్షణం తడబడి, గుప్పున పైకి లాక్కుంది. పొయ్యికున్న కొత్త రంగు కాలి వాసన వస్తుంది, కిటికీ తెరవమన్నాడు. బయటకు వెళ్లి చూస్తే టోపీ కింద నుంచి పొగ సన్నగా తిన్నగా పోతోంది. సమీయుల్లా దాని వైపు చూస్తూ, తన తల్లి ఇలాగే వాకిట్లో నిలబడి గొట్టం చూసుకునేదన్నాడు. అతను ఇంటి సంగతులు ఎప్పుడూ ఎత్తడు.

నెమ్మదిగా కొన్ని రోజులు చిన్న మంటలే వేయమనీ, పచ్చికట్టె వేయొద్దనీ, బూడిదను మూతున్న ఇనప డబ్బాలోనే తీయమనీ చెప్పి, చీకటి పడకముందే కొండ దిగిపోయారు.

తర్వాతి వారంలో ఒకరోజు పనిలో ఉండగా లచ్చన్నకు జయలక్ష్మి నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది. మాట లేదు, నిద్రలో పిల్ల ఊపిరి మాత్రం ఉంది, ఈల లేకుండా. అతను దాన్ని ముత్తవ్వకు పంపాడు. ముత్తవ్వ ఫోన్ చేసి, ఆ పిల్ల ఎవరని అడిగింది. నాడు నీకు ఫోన్ కలిపిన సిస్టరమ్మ బిడ్డ అన్నాడు. ముత్తవ్వ "మనకు దొరికిండ్లు గదా వాళ్లు, అదృష్టం" అంది. ఆ రోజుల్లో ఆ తల్లి గొంతు వినకపోతే తాను ఏమైపోయేదో అని, అంతవరకూ ఎప్పుడూ చెప్పనిది ఒకటి చెప్పింది. ఫోన్ రానిపూట అన్నం దగ్గర కూర్చునే దాన్ని కాదంది.

ఏప్రిల్‌లో కొండ మీద గులాబీలు కోసే రోజుల్లో జయలక్ష్మికి మస్కట్‌లోని బౌషర్‌కు బదిలీ అయింది. ఇక ముగ్గురూ ఒకే ఇంట్లో ఉండొచ్చు. ఇల్లు వదిలే ముందు చిమ్నీ శుభ్రం చేసి ఇవ్వాలని లచ్చన్ననూ సమీయుల్లానూ పిలిచారు. బ్రష్షు దింపితే దోసెడు పొడి మసి వచ్చింది, తారు లేదు. సమీయుల్లా దాన్ని వేళ్ల మధ్య నలిపి తృప్తిగా తల ఊపాడు. ఎవరో సరిగ్గా కాల్చారన్నాడు. నేనేనంది జయలక్ష్మి.

అక్షర ముంగిట్లో గులాబీ రేకులు ఏరుతూ పరిగెడుతోంది. ఎంత పరిగెత్తినా ఆయాసం లేదు. ప్రభాకర్ కారులో సామాన్లు సర్దుతూ లచ్చన్నను కౌగిలించుకోబోయి, మసి చూసి ఆగి, తర్వాత కౌగిలించుకున్నాడు.

ఆ ఇంట్లోకి చిన్న పిల్లాడున్న టీచరమ్మ ఒకావిడ రాబోతోందట. సఫియా అది చెప్పి, పొయ్యి వెలిగించడం తనకు నేర్పమంది. ఆ టీచరమ్మకు నేర్పాలంటే ముందు తనకు రావాలి కదా అంది. జయలక్ష్మి పక్కన కూర్చుని అరబ్బీలో చెబుతుంటే, లచ్చన్న చేతులతో చూపించాడు. సఫియా గాలి కన్నం తెరిచింది, పుల్లలు పేర్చింది, అగ్గిపుల్ల గీసింది. మంట లాక్కోగానే తలుపు మూసి వెనక్కి జరిగి, గాజులోంచి చూస్తూ తమ్ముడి పేరు ఒకసారి నెమ్మదిగా పలికింది. ఆ వేళ బయట వేడిగానే ఉంది. అయినా ఎవరూ లేవలేదు, సమీయుల్లాతో కలిపి నలుగురూ ఆ పొయ్యి ముందు కాసేపు అలాగే కూర్చున్నారు.